గేదెకి గిట్టని రంగులు

దేవుడు గేదెకి నాలుగు పొట్టలు పెట్టాడు గాని వాటిలో ఆకలి పెట్టడం మరిచిపోయాడు. ఆ లోటు పూడ్చింది రాజోలు దగ్గర కాలవ గట్టు మీద కాపురముంటున్న సత్యనారాయణమ్మ. గోదావరి పాయల మధ్య ఏ గేదె గడ్డిపరక అందుకోవాలన్నా ముందు ఆవిడ చీర రంగు చూసుకుంటుంది, తర్వాతే నమలడం మొదలుపెడుతుంది. ఈ మాట ఆవిడ చెప్పలేదు. ఆవిడ చిన్న మనవరాలు చిట్టి చెబుతోంది. ఇంటరు మధ్యలో వదిలేసిన పిల్ల కాబట్టి చిట్టికి లెక్కలు తప్పుతాయేమో గాని మామ్మ గొప్ప చెప్పడంలో తప్పు రాదు.

ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ కూడా సత్యనారాయణమ్మని మామ్మ అనే పిలుస్తారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి కూడా వినపడుతుంది. కట్టేది ఎప్పుడూ ఒకటే రంగు, కాల్చిన ఇటుక రంగు. పెళ్ళికైనా పెద్దకర్మకైనా ఓటెయ్యడానికైనా అదే. ఒకసారి అంతర్వేది బస్సులో ఎవరో పిల్లతల్లి సన్యాసినమ్మ అనుకుని కాళ్ళకి దణ్ణం పెట్టింది. మామ్మ కాదనలేదు, దీవించింది కూడా. బస్సు దిగాక చిట్టి పడీపడీ నవ్వుతుంటే, "ఏం నవ్వుతావే? సన్యాసమే ఇది. అందరికీ గురువులిస్తారు, నాకు గేదె ఇచ్చింది," అంది.

ఆ సన్యాసం ఎలా పుచ్చుకుందో చెప్పాలి.

మామ్మ పుట్టిల్లు ఆలమూరు. అక్కడ వాళ్ళకి వరిచేలు ఉన్నాయి గాని పాడి లేదు. పాలు కొనుక్కునేవారు. గేదె అంటే ఆవిడకి చెరువులో దూరంగా కనపడే నల్లటి గుట్ట, అంతే. పదిహేడో ఏట అప్పలరాజుని చేసుకుని ఈ ఊరు వచ్చినప్పుడు పెట్టెలో మంచి చీరలు తెచ్చుకుంది. మామిడిపండు రంగుది ఒకటి, ఆకాశం రంగుకి జరీ అంచుది ఒకటి, చిలకపచ్చది ఒకటి. చిలకపచ్చ చీర మండపేట కొట్లో తనే వేలు పెట్టి చూపించి కొనిపించుకుంది. అంతకుముందు ఏ వస్తువునీ ఆవిడ అలా చూపించి అడిగింది లేదు. మొగుణ్ణి కూడా పెద్దవాళ్ళే చూపించారు.

అత్తగారి పేరు పోలమ్మ. కాళ్ళ పారాణి ఆరకముందే కోడలి చేతికి కుడితి బకెట్టు ఇచ్చి గేదెని కట్టే సావిట్లోకి పంపింది. చిలకపచ్చ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, భయం భయంగా గోలెంలో కుడితి పోసి నిలబడింది కొత్త కోడలు. గేదె ఒకసారి వాసన చూసింది. ఒకసారి పిల్ల వైపు చూసింది. మొహం అవతలికి తిప్పేసుకుంది.

"చూసేవా అమ్మాయ్," అంది పోలమ్మ గుమ్మంలోంచి, "నీ చీర దానికి గిట్టలేదు. కొత్త రంగులు కళ్ళబడితే ఈ జాతికి ఆకలి చచ్చిపోద్ది."

మర్నాడు మామిడిపండు చీరతో వెళ్ళింది. గేదె అదే తీరు. ఆ మర్నాడు ఆకాశం రంగు. అదే తీరు. గేదె తినకపోతే పాలు రావు, పాలు రాకపోతే ఇంటికి చుట్టాలొచ్చిన వేళ పరువు పోతుంది, ఇదంతా కొత్త కోడలి చీరల వల్లే. ఆ పిల్లకి అన్నం సయించలేదు. అప్పుడు పోలమ్మ తన పెట్టె అడుగునుంచి ఇటుక రంగు ముతక చీర ఒకటి తీసి, "ఇది కట్టుకుని వెళ్ళు, చూద్దాం," అంది. గేదె గోలెంలో తల పెట్టిన మనిషి, అడుగు నాకేదాకా తల ఎత్తలేదు. గేదెని మనిషి అన్నందుకు చిట్టిని ఎవరూ తిట్టక్కర్లేదు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో దానికి ఆ మర్యాద ఉండేది.

"గేదెకి గిట్టని చీరలు పెట్టెలో ఉండి ఏం లాభం, పురుగు కొట్టడానికా?" అంది పోలమ్మ తర్వాత ఎప్పుడో, గాలిలోకి అన్నట్టు. అప్పటికే ఆడపడుచు భవానీదేవికి సంబంధం కుదిరింది. చీరలు ఆ పిల్ల పెట్టెలోకి మారాయి. ఎవరూ లాక్కోలేదు. సత్యనారాయణమ్మే ఒక్కొక్కటీ మడత నలగకుండా చేతుల మీద పట్టుకెళ్ళి ఇచ్చింది. మొగుడు అప్పలరాజు అది చూసి ఎంతో సంతోషించాడు. "ఇటుక రంగులో నువ్వు లక్ష్మీదేవిలా ఉంటావు," అన్నాడు. లక్ష్మీదేవిని ఇటుక రంగులో ఎవరూ చూడలేదు గాని, పదిహేడేళ్ళ పిల్ల ఆ మాట నమ్మింది. నమ్మి చాలాకాలం బతికింది కూడా.

ఆ గేదె పోయింది. దాని దూడ గేదె అయింది. దాని దూడా గేదె అయింది. పోలమ్మ పోయింది, అప్పలరాజు పోయాడు. చీర చిరిగితే కొత్త చీర వచ్చింది. రంగు మాత్రం అదే.

మధ్యలో ఒకే ఒక్కసారి మారింది. కొడుకు పెళ్ళికి చుట్టాలంతా బలవంతపెడితే నీలం పట్టుచీర కట్టింది మామ్మ. పెళ్ళివారు వెళ్ళిపోయిన హడావిడిలో ఆ చీరతోనే వెళ్ళి గేదెకి గడ్డి వేసింది. గేదె ముట్టలేదు. సాయంత్రానికి నోట్లోంచి చొంగ కారింది, గిట్టలు పుళ్ళు పడ్డాయి. ఆ నెలలో ఊళ్ళో గాలికుంటు తిరిగింది. అందరి పశువులకీ వచ్చింది, వాళ్ళ ఆడవాళ్ళెవరూ పట్టుచీరలు కట్టలేదు. అయినా మామ్మ తన గేదె జబ్బు తన చీర చేసిన పాపమే అనుకుంది. పాలు లేక దూడ చచ్చిపోతే దాన్ని పాతిపెట్టిన చోట నిలబడి తన చెంపలు తనే వాయించుకుంది. పట్టుచీర ఎవరికో ఇచ్చేసింది.

అలా రంగుల సంగతి ఆవిడకి మతం అయిపోయింది. పక్కవాళ్ళకి వైద్యం అయిపోయింది. ఎవరి గొడ్డు మేత మానేసినా, "మామ్మగారూ, ఒకసారి వచ్చి చూద్దురూ," అని వచ్చేవారు. గాలివానకి సావిడి కప్పు ఎగిరిపోయి పక్క వీధి దుర్గాప్రసాద్ దాని మీద నీలం టార్పాలిన్ బరకం కప్పితే, ఆ నీలం నీడలో గడ్డి కూడా నీలంగా కనపడి గేదె తినడం మానేసింది. మామ్మ వెళ్ళి చూసి, "ముందు ఆ బరకం పీకించు నాయనా, నీలంగా ఉన్నది విషమనుకుంటాది," అని చెప్పింది. బరకం పీకి తాటాకు వేశాడు. గేదె తింది. బరకం కింద నిలబడితే మనిషికే చెమటలు కారి కళ్ళు తిరిగేవని ఆ సావిట్లోకి వెళ్ళిన ఎవరైనా చెబుతారు. కానీ వేడి గురించి ఎవరూ మాట్లాడలేదు. పేరు రంగుకి వచ్చింది.

ఇంకోసారి ఎలక్షన్లలో భాస్కరరావు సావిడి గోడకి పార్టీ కుర్రాళ్ళు రంగు పూసిపోయారు. ఏ పార్టీయో చెప్పడం లేదు, మామ్మ పాలు రెండు పార్టీలవాళ్ళూ కొంటారు. గేదె మేత ముట్టకపోతే మామ్మ గోడకి సున్నం కొట్టించింది. పార్టీవాళ్ళు కొట్లాటకి వచ్చారు. "మీ రంగు చూస్తే మా గేదెకి ఆకలి చచ్చిపోతోందండి, నన్నేం చెయ్యమంటారు," అన్నాడు పాపం భాస్కరరావు. ఆ ఏడు ఆ పార్టీ ఆ ఊళ్ళో ఓడిపోయింది. అదీ మామ్మ ఖాతాలోనే పడింది. పచ్చి రంగు కంపుకి గోడ పక్కన మనుషులే నిలబడలేకపోయేవారన్నది మళ్ళీ ఎవరికీ గుర్తులేదు.

పశువుల ఆసుపత్రి నుంచి సూదులు వెయ్యడానికి వచ్చే ఫిలిప్ ఒక్కడు మాత్రం ఒకరోజు ధైర్యం చేశాడు.

"మామ్మగారూ, ఏమనుకోకండేం. కోడిపిల్లల సంగతి వేరండి, అవి రంగు చూస్తాయి. ఎర్ర మూతలో నూకలు పోస్తే ఎగబడతాయి. గేదెలు అలా కాదండి. ఎరుపు వాటికి సరిగ్గా ఆనదండి. మీ చీర దానికి ఏదో మసి రంగులో కనపడతా ఉంటాది. అది మిమ్మల్ని గుర్తుపట్టేది వాసనతోనండి."

"ఏం నాయనా, గేదె నీకు చెప్పిందా?"

"చదువుకున్నామండి."

"నువ్వు చదువుకున్నావు. గేదె చదువుకోలేదు కదా. తనకి ఎరుపు ఆనదని దానికెలా తెలుస్తాది?"

"ఆయ్, అదీ నిజమేనండి," అని ఫిలిప్ సూది సర్దుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నవ్వులాటకి చెప్పుకున్నా, లోపల సంగతి వేరు. మామ్మ వేలిముద్ర మనిషి. పొలం మొగుడి పేరు నుంచి కొడుకు పేరుకి మారింది గాని ఆవిడ పేరు మీదకి రాలేదు. వండిన కూరకి పేరు వంటింట్లోనే పోయేది. నలుగురూ గుమ్మంలో నిలబడి చెప్పించుకునే మాట ఆవిడకి ఒక్కటే ఉంది, ఇదీ. ఆ మాట కోసం ఆవిడ పెట్టిన ఖర్చు ఒక వయసంతా.

ఇప్పుడు ఆ మాటకి గండం వచ్చింది. గండం పేరు దుర్గాశ్రీ.

కిందటి ఏడు మామ్మ కుడిభుజం పట్టేసింది. బకెట్టు ఎత్తలేక ఎడంచేత్తో చెంబులతో పోస్తూ నెట్టుకొచ్చింది. చిట్టి తల్లి అంగన్‌వాడీలో పని చేస్తుంది, పొద్దున్నే వెళ్ళాలి. చిట్టి కుడితి కలిపితే గేదె సంగతి అటుంచి బకెట్టే అలుగుతుంది. చిట్టి అన్న సుభాష్‌కి పెళ్ళయ్యాక ఆ పని కొత్త కోడలు దుర్గాశ్రీకి వచ్చింది. మండపేట పిల్ల. రైసుమిల్లు గుమాస్తా కూతురు, మేడ మీద వాటాలో పెరిగింది. పాడి తెలియదు. కానీ నేర్చుకుంటానండి అని ముందుకొచ్చింది. గేదెకి ముద్దుపేరు కూడా పెట్టింది. అన్నీ బాగానే ఉన్నాయి, మొదటి బకెట్టు చేతికి అందించే ముందు మామ్మ రాజోలు నుంచి నైటీ తెప్పించేవరకు.

ఇటుక రంగు నైటీ. ఆ రంగు ఎవరూ అడగరండి అని కొట్టువాడు అటక మీదనుంచి దులిపి తీశాడట. దాని మీద అరచేతులంత తెల్ల పూలు. "పూలు ఫరవాలేదా మామ్మా, గేదె ఏమన్నా అనుకుంటాదేమో?" అని చిట్టి అడిగితే, "పూలు చూడదు, వెనకాల రంగే చూస్తాది," అని తీర్పు వచ్చింది.

దుర్గాశ్రీ నైటీని పట్టుకుని అద్దంలో చూసుకుంది. రంగురంగులు ఇష్టపడే పిల్ల. గాజులు కూడా చీరకి తగ్గట్టు మార్చేస్తుంది.

"మామ్మగారూ, ఇది వేసుకుంటే జబ్బు చేసి లేచినదానిలా ఉన్నానండి."

"గేదె ముందుకేగా వేసుకుంటావు, పెళ్ళిచూపులకి కాదుగా."

"రోజూ రెండు పూటలా వేసుకోవాలంటే ఇంక ఇదే నా బట్టండి. మీకు మల్లే."

చివరి మాట ఆ పిల్ల చెడ్డగా అనలేదు. అయినా మామ్మకి ఎక్కడో తగిలింది. సుభాష్‌ని ఇద్దరూ తలో వైపు నుంచీ చూశారు. సుభాష్ బండి తాళం తీసుకుని కొబ్బరికాయల లోడు ఉందని అంబాజీపేట వెళ్ళిపోయాడు. లోడు లేదు.

సంగతి పాలు పోయించుకోవడానికి వచ్చేవాళ్ళ ముందు తేలింది. గుమ్మంలో పాపాయమ్మ టీచరూ ఇంకో ఇద్దరూ గిన్నెలతో నిలబడి ఉన్నారు.

"మామ్మగారూ, ఒక్క మాట అడుగుతానండి, తిట్టకూడదు," అంది దుర్గాశ్రీ. "సోమవారం పొద్దున్న నా బట్టల్లో నేను కుడితి పెడతాను. తినకపోతే మీరు చెప్పిన రంగే కడతానండి, ఎన్నాళ్ళు కట్టమంటే అన్నాళ్ళు. తింటే మాత్రం ఆ నైటీ చిట్టికి ఇచ్చేస్తాను."

"నాకెందుకూ? నేనేం గేదెని పెళ్ళాడలేదు," అంది చిట్టి.

"సోమవారమంటే బాగానే ఉంది. ఆదివారమైతే నాకు చర్చి, చూడ్డం కుదరదు," అంది పాపాయమ్మ టీచరు.

అందరూ నవ్వారు. మామ్మ కూడా నవ్వింది. ఆవిడకి అనుమానమే లేదు. "అలాగే పెట్టు," అంది. "తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎలా, నాలుగూ లెక్కపెట్టుకో."

ఆదివారం భవానీదేవి దిగింది. అంతర్వేది దర్శనం చేసుకుని, అటునుంచి అటే పుట్టింటికి వచ్చింది. అప్పలరాజు చెల్లెలు, మామ్మ కంటే కాస్త చిన్నది. ఇద్దరూ పెరట్లో కూర్చుని చీపురు కోసం కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తున్నారు. పందెం సంగతి చిట్టి ఊరుకోలేక చెప్పేసింది. భవానీదేవి ఈనె పక్కన పడేసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఇంకా ఆ గోలేనా వదినా! మా అమ్మ కట్టిన నాటకం మీరంతా ఇంకా ఆడుతున్నారేంటి?"

"నాటకమేంటే?" అంది మామ్మ.

"అదేంటి, నీకు తెలీదా? తెల్లారగట్ల అమ్మ లేచి తవుడూ తెలగపిండీ కలిపి గేదెకి పీకలదాకా పట్టేసేది. ఆ తర్వాత నిన్ను పంపేది. కడుపు పగిలేలా తిన్నది మళ్ళీ ఏం తింటాది? ఇటుక చీర ఇచ్చిన రోజు మాత్రం ముందు సాయంత్రం నుంచే మాడబెట్టేసింది దాన్ని. ఆకలికి అరుస్తుంటే నేనే జాలిపడి గడ్డి వెయ్యబోయేను, చెయ్యి మీద కొట్టింది."

"ఎందుకూ?"

"ఎందుకేంటి, నా పెట్టెలోకి చీరలు కావాలి కదా. అడిగితే నువ్వివ్వవని కాదు. అడిగితే ఆలమూరులో మీవాళ్ళ ముందు మాటపడాలి. నీ అంతట నువ్విస్తే ఏ గొడవా లేదు." భవానీదేవి మళ్ళీ ఈనె అందుకుంది. "నువ్వు తెలిసే ఊరుకున్నావనుకున్నాను వదినా. అంత తెలివైందానివి."

మామ్మ చేతిలో ఆకు చీలడం ఆగింది.

"మీ అన్నయ్యకి..."

"అన్నయ్యకి తెలీకపోవడమేంటి? ఆ చీకట్లో అమ్మకి లాంతరు పట్టుకుందెవరనుకున్నావు?"

చిట్టి నవ్వబోయింది గాని మామ్మ మొహం చూసి మానేసింది.

కడుపు నిండిన గేదె మొహం ఎలా తిప్పుతుందో మామ్మకి తెలియనిది కాదు. ఇన్నేళ్ళలో వేయిసార్లు చూసింది. తల కొంచెం పక్కకి వాల్చి, చెవి ఆడించి, నెమరుకి దవడ కదిలిస్తూ అవతలికి చూస్తుంది. ఆ మొదటి మూడు రోజులూ గేదె దవడ కదులుతూనే ఉంది. ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనపడింది. అప్పుడది కోపమనుకుంది, పళ్ళు నూరుతోందనుకుంది. తర్వాత ఎప్పుడూ ఈ మొహాన్ని తెచ్చి ఆ మొహం పక్కన పెట్టి చూడలేదు. చూడాలని తోచలేదు. తోచనివ్వలేదేమో కూడా.

"ఆ చిలకపచ్చది ఉందా ఇంకా?" అంది ఈనెలు పోగు చేస్తూ.

"ఎక్కడుంటాది వదినా, మా పెద్దాడు పుట్టినప్పుడు పొత్తిగుడ్డలకి చింపేసేం. మెత్తగా ఉండేది. బాగా పనికొచ్చింది."

గోడ మీద అప్పలరాజు ఫొటోకి దండ మార్చే రోజు అది. మార్చలేదు.

సోమవారం తెల్లవారుతూండగా లేచింది. సావిట్లోకి ఎందుకు వెళ్ళిందో ముందు ఆవిడకే తెలియదు. చూద్దామనే వెళ్ళింది. గేదె లేచి నిలబడి, తల చాపి, ఆవిడ కొంగు నాకింది. దీనికేం తెలుసు? ఇది ఎవరినీ మోసం చెయ్యలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ కట్టింది దీని కోసం. నోరులేని జీవం కోసం కట్టానంటే దానికో అర్థముంది, చెప్పుకోవడానికి మొహముంది. కాసేపట్లో ఆ పిల్ల రంగురంగుల బట్టల్లో వస్తుంది, ఇది ఆబగా తినేస్తుంది, గుమ్మంలో గిన్నెలు పట్టుకున్నవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆ ఏళ్ళన్నీ ఈ గేదెవి కావు. పోలమ్మవి అయిపోతాయి. లాంతరు పట్టుకున్నవాడివి అయిపోతాయి.

తవుడు డబ్బా మూత తీసింది. భుజం కలుక్కుమంది. ఎడంచేత్తో తోడింది. తెలగపిండి నానబెట్టినది ఉంది, అదీ కలిపింది. గేదె ఆశగా తింది. ఇంకా పోసింది. అది తల ఎత్తితే మెడ నిమిరి మళ్ళీ పెట్టింది. డొక్కలు రెండూ బయటికి ఉబ్బేదాకా పెట్టింది.

వెనక్కి తిరిగేసరికి నూతి దగ్గర చిట్టి పళ్ళు తోముకుంటూ నిలబడి ఉంది. నోట్లో నురగ, చేతిలో బ్రష్షు, ఇంతలేసి కళ్ళు.

"పళ్ళు తోముకునే నోటితో పళ్ళే తోముకో," అంది మామ్మ. గొంతు పోలమ్మ గొంతులా వచ్చింది. అది ఆవిడకీ వినపడింది.

పాలకొచ్చేవాళ్ళంతా చేరాక దుర్గాశ్రీ బకెట్టుతో వచ్చింది. పసుపూ ఆకుపచ్చా కలిసిన చుడీదారు, చేతికి దానికి తగ్గ గాజులు. నవ్వుమొహం. "రా బంగారం, రా తల్లీ," అంటూ గోలెంలో పోసింది. గేదె వాసన చూసింది. తల పక్కకి వాల్చి, చెవి ఆడించి, దవడ కదిలిస్తూ అవతలికి తిప్పుకుంది.

దుర్గాశ్రీ చేత్తో కుడితి తీసి మూతి దగ్గర పెట్టింది. బతిమాలింది. మూతి మీద రాసింది. గేదె తుమ్మింది, గాజుల మీదంతా చింది పడింది.

"ఆయ్! మామ్మగారి మాటంటే మాటేనండి," అంది పాపాయమ్మ టీచరు. ఇంకెవరో, "అందుకేనమ్మా పెద్దవాళ్ళు ఊరికే అనరు," అన్నారు. భవానీదేవి గుమ్మంలో నిలబడి గేదె డొక్కల వైపు చూసింది, తర్వాత వదిన వైపు చూసింది. నవ్వలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమీ అనుకోకండి మామ్మగారూ," అంది దుర్గాశ్రీ. ఆ పిల్ల కళ్ళు తడి అయ్యాయి గాని మాట నిలబెట్టుకునే రకం. "తెలీక అన్నాను. దాన్ని ఆకలితో ఉంచేసేనేమో, పాపం."

పాపం అన్నది గేదెని. మామ్మకి ఆ మాట అక్కడే, గుమ్మంలోనే, అరగలేదు.

గెలిచిన మనిషి ఎలా ఉండాలో ఆ పొద్దు మామ్మకి తెలియలేదు. సావిడి చుట్టూ తిరిగింది. ఎవరూ అడక్కుండానే దుర్గాశ్రీ నైటీ మార్చుకుని వచ్చింది. ఎండెక్కి, గేదెని కాలవలో కడిగి తెచ్చాక మళ్ళీ కుడితి పెట్టింది. తింది. తినక ఏం చేస్తుంది? "మామ్మగారూ, తిందండి! అడుగు నాకేసింది!" అని ఆ పిల్ల చిన్నపిల్లలా కేకపెట్టింది. అప్పుడే బండి దిగిన సుభాష్, "నేను ముందే చెప్పేను కదా," అన్నాడు. ఎవరికి ఎప్పుడు చెప్పాడో ఎవరికీ తెలియదు. "ఈ రంగులో కూడా బాగానే ఉన్నావులే," అని పెళ్ళాన్ని ఓదార్చాడు. ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. నమ్మింది.

మామ్మ ఆ నవ్వు చూసి మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాయి. భవానీదేవి తలనొప్పి అని రెండు ముద్దలు తిని పడుకుంది. ఆఖరికి మామ్మా చిట్టీ మిగిలారు. ముద్దపప్పు, పనసపొట్టు ఆవపెట్టిన కూర, ఊరమిరపకాయలు. పనసపొట్టంటే మామ్మ ఇంకో వాయి బియ్యం పొయ్యి మీద పెట్టించే మనిషి. దుర్గాశ్రీ వంగి వడ్డిస్తుంటే ఇటుక రంగు చెయ్యి పళ్ళెం మీదుగా వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ నెయ్యి గిన్నెతో వచ్చింది. పొద్దున చిందిన కుడితి మరక మణికట్టు మీద ఇంకా ఉంది. ఆ పిల్ల గాజులు కూడా మార్చింది, ముదురు రంగువి వేసుకుంది. ఎవరూ చెప్పలేదు.

మామ్మ ముద్ద కలిపింది. నోటిదాకా తెచ్చి దించేసింది. మళ్ళీ కలిపింది. ఉప్పు తక్కువైందా అని దుర్గాశ్రీ అడిగింది. కాదంది. కారమా అంటే కాదంది. మజ్జిగ తెస్తానండి, దాంతోనైనా తినండి అని ఆ పిల్ల లోపలికి వెళ్ళింది.

చిట్టి పళ్ళెం మీదకి వంగి మామ్మ మొహంలోకి చూసింది. అంతటి పిల్లకి కూడా గొంతు కొంచెం తగ్గింది.

"ఏం మామ్మా, గేదె తవుడు తిని మొహం తిప్పుకుంది. నువ్వేం తిన్నావని? లేకపోతే ఆ నైటీ రంగు నీకే గిట్టలేదా?"

మామ్మ చెయ్యి కడిగేసుకుని, పళ్ళెం చిట్టి వైపు తోసేసింది.

"వాగుడు కట్టిపెట్టి ఇది తీసుకెళ్ళి కుడితిలో పొయ్యి. దానికి సిగ్గెక్కడిది, ఎవరు ఏ రంగు కట్టుకుని పెట్టినా తింటాది."